వృద్ధశునకము - గృహస్థుని కడపటి విధి

ఇంటి వాకిట పదిపండ్రెండేండ్లు కావలియున్న శునకమునకు ముదిమి పైబడినప్పుడు గృహస్థుని మనస్సున కొన్ని ప్రశ్నలు పుట్టుచుండును. అది పోయిన దినమున ఏమి చేయవలెను? దహింపవలెనా, పూడ్చవలెనా? ఎచట? ఎవరు మోయవలెను? ఇట్టివి ముందుగా ఆలోచించుటయే అమంగళమని పెద్దలు కొందఱు చెవులు మూసికొందురు. బ్రతికియున్న ప్రాణికి చితి పేర్చినట్లగునని వారి భయము. మఱికొందఱు దీనికి పూర్తిగా ఎదురుగా పోయి, మనుష్యులకు జరుపు అపరక్రియలన్నియు కుక్కకును జరిపింపగోరి పురోహితుని వెదకుదురు. ఈ రెండింటికిని నడుమ శాస్త్రమునకును లోకమునకును సమ్మతమైన మార్గమొకటి కలదు.

మొదట అమంగళశంకను చూడవలెను. కాశీయాత్ర చేసివచ్చిన పెద్దలు గంగాజలము నింపి మూతి మాటువేయించిన రాగిచెంబును దేవతార్చన పీఠము చెంత ఉంచుట తెలుగిండ్లలో వాడుక. ఆ చెంబు ఎందులకో ఇంటిలోని చిన్నవానికి సైతము తెలియును. దానిని చూచి ఎవ్వరును బెదరలేదు. తమ పెద్దల మరణమును కోరుచున్నామని ఎవ్వరును తలపలేదు. మృత్యువు జుట్టుపట్టి నిలిచినట్లు భావించి ధర్మమాచరింపవలెనని నీతికారులు చెప్పినదియు ఇందులకే. ముందుగా సిద్ధపడినవాడు ఆ ఘడియలో పోవుచున్న ప్రాణి చెంత కూర్చుండగలడు. సిద్ధపడనివాడు ఆ ఘడియలోనే గునపము కొఱకును, కట్టెల కొఱకును, మనుష్యుల కొఱకును వీధులవెంట తిరుగుచుండును.

శునకమును గూర్చి శాస్త్రదృష్టి యెట్టిది? ఋగ్వేదము పదవ మండలమున దేవశునియైన సరమ, పణులు దాచిన గోవులను వెదకిపోయి వారితో సంవాదము చేసిన సూక్తము కలదు. ఆ మండలమునందే యమలోకమార్గమును కాచు రెండు సారమేయములు వర్ణింపబడినవి. పోయిన జీవుని ఆ కావలి శునకములకు అప్పగించి రక్షింపుమని యముని ప్రార్థించుట అచట కనబడును. గృహస్థు తాను భుజించుటకు ముందు వైశ్వదేవము చేసి, కుక్కలకును, కాకులకును, క్రిములకును నేలపై అన్నముంచవలెనని మనుధర్మశాస్త్రము విధించినది. అందును విసరివేయక మెల్లగా ఉంచవలెనని ప్రత్యేకముగా చెప్పినది. భగవద్గీత అయిదవ అధ్యాయమున పండితుడు సమదృష్టితో చూడవలసినవారిని లెక్కించునపుడు బ్రాహ్మణుని, గోవును, ఏనుగును చెప్పి శునకమును విడువలేదు. కడపసీమలోని తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యులు బ్రహ్మమొక్కటేయని పాడిన కీర్తనలో ఏనుగు మీద కాయు ఎండయు, కుక్క మీద కాయు ఎండయు ఒకటేయని చూపెను.

అట్లని శాస్త్రము కుక్కను శుచియైన జంతువుగా చెప్పలేదు. యజ్ఞవాటికలోనికి అది రాకూడదు, హవిస్సును తాకకూడదు. ఈ మాట దాచుటలో ప్రయోజనము లేదు. అయినను మహాభారతము ఆదిపర్వమునందే ఒక కథ కలదు. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమ కుమారుడు అచటికి వచ్చెను. వాడు హవిస్సును నాకలేదు. కనీసము దానివైపు చూడనైన లేదు. అయినను జనమేజయుని తమ్ములు వానిని కొట్టిరి. తల్లి సరమ వచ్చి, నిరపరాధిని కొట్టినవారికి అనుకొనని భయము కలుగునని పలికిపోయెను. అంతటి చక్రవర్తి ఆ మాటకు కలవరపడి శాంతి చేయింపగల పురోహితుని వెదకుకొనవలసివచ్చెను. నన్నయభట్టారకుడు దీనిని తెనిగించుచు ఎంతో శ్రద్ధ చూపెను. శౌచాశౌచవివేకము వేఱు, నోరులేని ప్రాణికి చేయు అన్యాయము వేఱు. మొదటిది స్నానముతో తీరును. రెండవది జనమేజయునంతటి వానిని వెన్నాడినది.

ఆదిపర్వమున కుక్కతో మొదలైన భారతము మహాప్రస్థానిక పర్వమున మరల కుక్క యొద్దకే వచ్చుచున్నది. హిమాలయమార్గమున ద్రౌపదియు నలుగురు తమ్ములును ఒకరి వెనుక నొకరు కూలిపోగా, ధర్మరాజు వెంట శునకమొక్కటియే మిగిలెను. ఇంద్రుడు రథము తెచ్చి ఎక్కుమనెను. కుక్కను విడిచి రమ్మనెను. భక్తుని, శరణుజొచ్చినవానిని, భీతుని విడువనను వ్రతము తనకున్నదని ధర్మరాజు చెప్పెను. ఈ భాగమును పురాణకాలక్షేపములలో అందఱు విన్నదే. ఆ తరువాతి భాగమును వినిపించువారు తక్కువ. ఇంద్రుడు ఊరుకొనక, భార్యను, తమ్ములను విడిచివచ్చినవాడవు ఈ కుక్కను విడువలేవా యని పొడిచెను. అందులకు ధర్మరాజిచ్చిన సమాధానము తాత్పర్యమిది: చనిపోయినవారితో పొత్తును లేదు, పోరును లేదు, వారిని బ్రతికించుట తన వలన కాలేదు గనుక ముందునకు నడిచెను, వారు బ్రతికియుండగా ఎన్నడును విడువలేదు.

వృద్ధశునకమును గూర్చి ఆలోచించు గృహస్థునకు ఈ సమాధానము మొదటి పాఠము. ధర్మరాజు కుక్కకు చితి పేర్చిన మహనీయుడు కాడు. సొంత తమ్ముల దేహములను సైతము మంచుకొండపై విడిచి నడిచినవాడు. అతడు పట్టుబట్టినది బ్రతికియున్న కుక్క కొఱకు. కావున అంత్యక్రియకు చేయు ఏర్పాటులో తొలిభాగము చావునకు ముందరిదే. కన్ను మసకబారి, నడుము పడి, పండ్లూడి, గుమ్మమునకడ్డముగా పడుకొని, రాత్రి ఊరక మొఱగుచుండు ముసలికుక్కను సంచిలో కట్టి పొరుగూరి పొలిమేరలో విడిచివచ్చువారు లేకపోలేదు. మరునాటి నుండి వారి ఇంట శౌచమునకు లోటుండదు. వారు విడిచినది మాత్రము ఇంద్రుడు చెప్పినను ధర్మరాజు విడువనొల్లనిది.

ఇట్టి ఆలోచన ఈ దేశమునకే పరిమితము కాదు. యవనదేశపు చరిత్రకారుడు ప్లూటార్కు, రోమునగరపు పెద్దయైన కేటో జీవితము వ్రాయుచు, ముదిసిన దాసులను అమ్మివేయుట లాభమను కేటో మాటను గట్టిగా ఆక్షేపించెను. దయగలవాడు కుక్కలను పిల్లలుగా నున్నప్పుడే కాక ముసలివైనప్పుడును పోషించునని చెప్పి, క్రీస్తుపూర్వము 480లో ఏథెన్సు ప్రజలు సలామిసు దీవికి తరలిపోవునపుడు యజమాని ఓడ వెంట సముద్రమున ఈదివచ్చి ఒడ్డున ప్రాణము విడిచిన కుక్కకు సమాధి కట్టిన వృత్తాంతమును ఉదాహరించెను. ముసలిదాసునకును ముసలికుక్కకును ఒకే వాక్యమున న్యాయము అడిగిన ఆ పెద్దమనిషి దృష్టి మెచ్చదగినది.

ఇక దేహము సంగతి. శ్రీరామచంద్రుడు జటాయువునకు చేసిన సంస్కారము ఇచట అందఱికిని స్ఫురించును. ఆ పక్షిరాజు పడినచోటు లేపాక్షియని రాయలసీమ ప్రజలు నమ్ముదురు. వాల్మీకి అరణ్యకాండలో చెప్పిన క్రమము శ్రద్ధగా చూడదగినది. రాముడు లక్ష్మణుని కట్టెలు తెమ్మనెను. తానే నిప్పు రగిల్చెను. జటాయువు దేహమును తానే చితిపై నుంచి, సొంత బంధువును దహించినట్లు దుఃఖముతో దహించెను. పిండమిడి, అన్నదమ్ములిద్దఱును గోదావరికి పోయి ఉదకము విడిచిరి. చక్రవర్తి కుమారుడు, అడవిలో భార్యను పోగొట్టుకొని ఆమెను వెదకవలసిన తొందరలో నున్నవాడు. అయినను పనిని మఱొకరికి అప్పగింపలేదు.

శ్రీవైష్ణవ గురుపరంపరలో దీనిని ప్రమాణముగా గైకొన్న సందర్భమొకటి ప్రసిద్ధము. యామునాచార్యుల శిష్యుడును, లోకము తక్కువగా చూచు కులమున పుట్టిన భాగవతోత్తముడునగు మాఱనేరినంబి పరమపదించినప్పుడు రామానుజుల గురువులైన పెరియనంబి స్వయముగా ఆయనకు అంత్యసంస్కారము చేసిరి. ఊరివారు వెలివేయబోగా, తాను జటాయువును దహించిన రాముని కంటె గొప్పవాడనా యని వారడిగినట్లు పెద్దలు చెప్పుదురు.

అయితే జటాయు వృత్తాంతమును పట్టుకొని పెంపుడు కుక్కకును పితృమేధమంత్రములు చదివింపవచ్చునని వాదించుట సరికాదు. జటాయువు దశరథుని మిత్రుడు, రామునకు పితృతుల్యుడు, పరస్త్రీని కాపాడుటకై యుద్ధము చేసి ప్రాణమిచ్చినవాడు. ఆ మంత్రములకు అధికారమును, గోత్రమును, కర్తయు, ప్రేతయు కలరు. కుక్కకు గోత్రమేమని సంకల్పము చెప్పవలెను? లేని విధిని కల్పించుట భక్తి కాదు. మంత్రమును బొమ్మలాట చేయుట. దక్షిణకై అట్టివి జరిపించువారు నగరములలో బయలుదేరిరన్నచో అది వారి పొట్టకూటి విద్యయే కాని ధర్మశాస్త్రము కాదు.

అగ్నియే గౌరవమునకు గుర్తనుకొనుటయు పొరపాటు. రెండేండ్లు నిండని శిశువును దహింపక ఖననము చేయవలెనని మనువును, యాజ్ఞవల్క్యుడును చెప్పిరి. సన్యాసికి దహనము లేదు, సమాధియే. ఇంటిల్లిపాదికి కన్నుదీపమైన పసిబిడ్డకును, లోకవంద్యుడైన యతీశ్వరునకును మట్టియే పడక యైనప్పుడు, కుక్కను పూడ్చితిమి కాల్చలేదని కుములుట ఎందులకు? మంత్రము లేని కారణమున దానికి గతి లేదనియు తలపనక్కఱలేదు. గృహస్థు చేయు తర్పణమున ఆబ్రహ్మస్తంబపర్యంతము సమస్త ప్రాణులు తృప్తి చెందవలెనని నీరు విడుచు విధి కలదు. గయాశ్రాద్ధమున పశుపక్షిక్రిమియోనులను పొందిన జీవుల కొఱకును పిండము కలదు. కొత్తది కల్పింపనక్కఱ లేకుండ పూర్వులే చోటు విడిచిపెట్టిరి. ఇంటి కుక్క పోయిన ఏడు ఆ నీరు విడుచునపుడు దానిని తలచుకొన్నచో ఎవ్వరును కాదనరు.

భాగవతము పంచమస్కంధములోని భరతుని కథను చూపి, జంతువుపై ఇంతటి తలపోత ముక్తికి అడ్డు కాదా యని కొందఱు అడుగుదురు. ఆంధ్రమహాభాగవతమున ఆ స్కంధమును గంగన తెనిగించెను. రాజ్యమును తృణముగా విడిచిన భరతుడు ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను ఎత్తి పెంచి, చనిపోవునపుడు దానినే తలచి లేడియై పుట్టెను. కథ సత్యము. కాని వాగులో పడిన పిల్లను ఎత్తుటయే దోషమని కథ చెప్పుటలేదు. నిత్యకర్మలను ఒక్కొక్కటిగా విడిచి, అది కనబడనిచో ప్రాణము నిలువని స్థితికి వచ్చుట అతని దోషము. తన తరువాత అది ఏమగునో యను దిగులే అతనిని క్రుంగదీసినది. కుక్క ముదిసినప్పుడు యజమానియు ముదుసలియే యగుట తఱచు. తాను ముందు పోయినచో దానికి అన్నము పెట్టువారెవరో, అది ముందు పోయినచో ఏమి చేయవలెనో నిశ్చయించి ఒక కాగితముపై వ్రాసి కుమారుని చేతిలో పెట్టినవానికి భరతుని దిగులు చాలవఱకు తగ్గును. మమకారమును తెంపుకొనలేనివానికి ఏర్పాటు చేసికొనుట సులభమైన ఉపాయము.

ఏర్పాటు ఎట్లుండవలెనో నేలయే చెప్పును. ఉదాహరణమునకు కడపజిల్లా గండికోటను తీసికొనవచ్చును. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పాఱు లోతైన గండి ఒడ్డున కోట. కోటగోడల లోపలనే గ్రామము. మాధవరాయస్వామి గోపురము, రంగనాయకుల ఆలయము, జుమ్మామసీదు, ధాన్యాగారము ఒకదాని చెంత నొకటి నిలిచియున్నవి. ఆ గ్రామమున ఒక వృద్ధదంపతుల ఇంట పదుమూడేండ్ల కుక్క కలదనియు, బిడ్డలు దూరనగరములలో ఉద్యోగములలో ఉన్నారనియు అనుకొనవచ్చును. అది వేసవి మధ్యాహ్నము పోయినచో ఆ ఎండలో దేహము పూటకంటె నిలువదు. కొండపైన మట్టి పలుచన. జానెడు త్రవ్వగనే బండ. పైగా ఆ కోట పురావస్తుశాఖ రక్షణలోనిది. అనుమతి లేక తోచినచోట గొయ్యి త్రవ్వుటకు వీలులేదు. క్రింద పెన్న కలదు గదా యని ఏటిలోనికి విడుచుట మహాపాపము. ఆ నీరు ఇప్పుడు పాఱిపోవు నీరు కాదు. జలాశయమున నిలిచి పల్లెల పొలములకును, గొంతులకును పోవుచున్నది. పుణ్యనది యని చెప్పుచు కళేబరమును పడవేయుటకంటె నదికి వేఱు అవమానముండదు.

కావున ఆ దంపతులకు మిగిలినది క్రింది మైదానమున, సుమారు పదునైదు కిలోమీటర్ల దూరముననున్న జమ్మలమడుగు వైపున తమకో, అంగీకరించిన బంధువునకో గల చేను. అచట మఱొక చిక్కు. నల్లరేగడి వానకు ఉబ్బి బురదయగును. వేసవిలో చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. లోతు తక్కువైన గొయ్యిని ఆ నెఱ్ఱెలే తెఱచివేయును. నక్కలును ఊరకుక్కలును తోడివేయును. దేహము పైన కప్పిన మట్టియే మూడడుగులకు తగ్గరాదు. బావికిని, బోరుకును, వాగునకును దూరముగా ఉండవలెను. ఆ ప్రాంతమున ఇండ్లకు పఱచు నాపరాయి బండ నొకదానిని మట్టి పైన అడ్డముగా పఱచి మరల మట్టి కప్పినచో ఏ జంతువును త్రవ్వలేదు. వాన పదునున్న కాలములో గొయ్యి త్రవ్వించి పలకలతో మూసియుంచుట వివేకము. గట్టిపడిన వేసవినేలను ఆనాడు గునపముతో పొడుచుట ముసలివానికి సాధ్యము కాదు.

పూర్వము ఇంత చింత లేదు గదా, ఊరి వెలుపల పడవేసినచో రాబందులు ఒక్కపూటలో శుభ్రము చేసెడివి గదా యని పెద్దలు అనవచ్చును. ఆ మాట నిజమే. కాని జటాయువు వంశమే నేడు అంతరించునట్లున్నది. పశువులకు నొప్పి తగ్గుటకిచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరములలో నిలిచి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెఱుపుచున్నదని 2004లో ప్రకటితమైన పరిశోధన వలన తెలిసినది. 1990 తరువాతి ఏండ్లలో భారతదేశమున ముఖ్యమైన రాబందుజాతులు నూటికి 95 పాళ్లకు మించి నశించినవి. పశువైద్యమున ఆ మందును 2006లో నిషేధించిరి. రాబందులు లేనిచోట కళేబరమును తినునది ఊరకుక్కల గుంపు. బాధ చూడలేక వైద్యునిచే సూదిమందుతో ప్రాణము తీయించిన జంతువు విషయమున జాగ్రత్త మఱింత అవసరము. ఆ మత్తుమందు దేహమున నిలిచి దానిని తిన్నవానిని చంపగలదు. అట్టి దయామరణము ధర్మమా, కాదా యను చర్చ పెద్దది. 1928లో గాంధీమహాత్ముడు సబర్మతి ఆశ్రమమున బాధపడు దూడకు అట్లు చేయించినప్పుడు దేశమంతట వాదోపవాదములు చెలరేగినవి. ఆ చర్చ ఎటు తేలినను, ఆ దేహమును లోతుగా పూడ్చుటయో, పూర్తిగా కాల్చుటయో తప్పదు.

కాల్పదలచినవారికి హైదరాబాదున ఫతుల్లాగూడ వద్ద పెంపుడు జంతువుల దహనవాటిక కలదు. నగరవాసులకు అది సదుపాయమే. గండికోటవారికి అది 350 కిలోమీటర్లకు పైబడిన దూరము. చచ్చిన దేహమును వేసవిలో అంతదూరము ఈడ్చుట గౌరవము కాదు. సొంత చేనిలో కాల్పవచ్చును. అందులకు ఎండిన కట్టెలును పిడకలును ముందే కూర్చి, వానకు తడవకుండ ఉంచవలెను. రాయలసీమ గట్లపై కావలసినంత పెరుగు సర్కారుతుమ్మ మొద్దులు చక్కగా మండును. పాత టైర్లును, ప్లాస్టికు సంచులును వేసి కాల్చుట కూడదు. ఆ పొగ చుట్టుపక్కల ప్రాణులకు విషము. ఎండుగడ్డి, గడ్డివామి చెంత లేకుండ చూడవలెను. కట్టెలు చాలక సగము కాలిన దేహము మిగులుట కంటె పూడ్చుటయే మేలు. ఏది చేయదలచినను పశువైద్యుని ముందుగా అడుగుట మంచిది. ప్రొద్దుటూరున 2008 నుండి పశువైద్య కళాశాల కలదు. పిచ్చికుక్క కాటు వలన గాని, తెలియని జబ్బు వలన గాని పోయినదను అనుమానమున్నచో వట్టిచేతులతో తాకక, దాని లాలాజలము ఒంటికి తగులనీయక, వైద్యుడు చెప్పిన రీతిని నడువవలెను.

ఈ వివరములన్నియు సులభమైనవే. అసలు చిక్కు వేఱొకటి కలదు: దానిని ఎత్తువారెవరు?

పల్లెటూళ్లలో ఇందులకు తరతరములుగా ఒక జవాబు సిద్ధముగా ఉన్నది. పేటలోని ఒకనికి కబురంపుదురు. అతడు వచ్చి కాళ్లకు తాడు కట్టి ఈడ్చుకొనిపోవును. చేతిలో కొన్ని రూపాయలు, ఒకప్పుడైతే మిగిలిన అన్నము, దూరము నుండి పడవేయుదురు. పదుమూడేండ్లు ఆ కుక్క తల నిమిరిన చేయి ఆనాడు దానిని ముట్టదు. ముట్టినచో మైలయట! ఆ మైలను మఱొక మనుష్యునకు అంటగట్టుట మాత్రము ఎవ్వరికిని మైలగా తోచదు. కుక్కపై ప్రేమతో ఏర్పాటులు చేయుచు, ఆ ఏర్పాటులో ఒక మనిషిని కుక్కకంటె తక్కువగా చూచుట ఎట్టి భూతదయ? షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినది. ఆ వర్గములవారిచే కళేబరములను మోయించుటయు, గోతులు త్రవ్వించుటయు దాని ప్రకారము నేరము. శాసనము ఇటీవలిది, కాని వాల్మీకి చెప్పిన క్రమమున రాముడు ఎవ్వరినిని పిలువలేదన్న సంగతి ఎప్పటినుండియో అందఱికిని తెలిసినదే.

శవస్పర్శదోషమునకు శాస్త్రము చెప్పిన శుద్ధి స్నానము. కుక్క బంధువు కాదు గనుక ఇంటివారికి పదిదినముల ఆశౌచము లేదు, దేవతార్చన ఆగనక్కఱలేదు. చేయవలసినదెల్ల కట్టుబట్టలతో తలమునుగ నీళ్లు పోసికొనుటయే. ఒక్క స్నానమునకు వెనుదీసి తరతరముల అన్యాయమును కొనసాగించుట ఏ నిబంధనగ్రంథమునను విధింపబడలేదు. కావున ముందుగా చేసికొనవలసిన ఏర్పాటులలో మొట్టమొదటిది ఇంటిలోనివారు కూర్చుండి ఎవరు ఎత్తవలెనో నిశ్చయించుకొనుట. పెద్దవానికి నడుము వంగనిచో కుమారుడో, అల్లుడో, మనుమడో ఒప్పుకొనవలెను. దూరముననున్న బిడ్డలు అందులకు రాలేమన్నచో, కుక్క బ్రతికియుండగానే ఒకసారి వచ్చి గొయ్యి త్రవ్వి పోవచ్చును. సాటి గృహస్థు సాయమడుగవచ్చును; అతని ఇంట అవసరమైనప్పుడు తాను పోవలెను. కూలికి మనిషిని పిలువక తప్పనిచో గొయ్యి త్రవ్వు శ్రమకు మాత్రమే, ఏ పేటవాడని చూడక, ఇష్టపడి వచ్చినవానిని, చేను దున్నుటకు పిలిచినట్లే పిలిచి నిండుకూలి ఇయ్యవలెను. ఎత్తుటయు, దింపుటయు, మొదటి పిడికెడు మట్టియు ఇంటివారివే. ఒక పాతపంచె, అది పడుకొను గోనెపట్ట చాలును. కాళ్లు బిగిసిపోవకముందే మడిచి, నిద్రించునట్లు సర్ది చుట్టవలెను. తాడు కట్టి ఈడ్వరాదు.

పూడ్చిన తరువాత గుర్తు నిలుపవలెనా యనునది ఇంటివారి ఇష్టము. దక్షిణదేశమున ఇందులకు పూర్వాచారము లేకపోలేదు. కర్ణాటకమున ఆతకూరు వీరశిల శకవర్షము 872, అనగా క్రీస్తుశకము 949-50 నాటిది. గంగరాజు బూతుగుడు తన వీరుడైన మణలేరుని ఏమి కావలెనో కోరుకొమ్మనగా, అతడు రాజుగారి కాళియను కుక్కను కోరెను. ఆ కుక్క అడవిపందితో పోరాడి, పందియు తానును కలిసి పడినవి. దానికొఱకు చల్లేశ్వరాలయము ముందు శిలను నిలిపి, పూజకై భూమి ఇచ్చిరి. తమిళదేశమున తిరువణ్ణామలై ప్రాంతపు ఎడుత్తనూరున పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరశిలపై పోవివచ్చిన యోధుని ప్రక్కన దొంగలను కఱచిన కోవివన్ అను కుక్క రూపమును పేరుతో సహా చెక్కిరి. వాకిలి కాచిన కుక్కకు శిలయు, భూదానమును అక్కఱలేదు. గుంట పైని నాపరాయి బండయే చాలును. లేదా గట్టున ఒక వేపమొక్క నాటవచ్చును.

మరునాడు వైశ్వదేవమైన పిదప గుమ్మము వెలుపల పెట్టు ముద్ద మిగిలిపోవును. దానిని ఇన్నాళ్లు తినుచుండినది లేదని మానివేయరాదు. వీధిలోని ఏదో ఒక కుక్క, ఇంతకాలము ఆ ఇంటి కావలికి వెఱచి దూరముగా తిరిగినది, రెండు మూడు దినములకు వాసన పట్టి వచ్చును. కొంచెము వెనుకాడుచు వచ్చును గనుక ముద్దను నేలపై మెల్లగా ఉంచి ప్రక్కకు తొలగి నిలువవలెను.